బోరు నీళ్లూ నాచు మొక్కలూ

అక్వేరియంలో మొక్కలు పెంచేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట కాసేపటికే సిలిండర్ మీదికి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, దానికో రెగ్యులేటర్, బుడగలు లెక్కపెట్టుకోవడానికో గొట్టం. నేనింతవరకూ కొనలేదు. కొంత పిసినారితనం, మిగతాది మా బోరు నీళ్ల మీద నమ్మకం.

నీళ్లలో మునిగిన మొక్కకు ఈ వాయువు అందడం కష్టమే. గాలిలో కంటే నీటిలో అది దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఆకును అంటుకున్న నీటిపొరలో ఉన్నది కాస్తా అయిపోతే, మళ్లీ వచ్చిచేరేదాకా పస్తే. హైడ్రిల్లా ఆకు మందం రెండు వరుసల కణాలే కావడంలో ఆశ్చర్యమేముంది?

అయితే బోరు నీళ్లలో ఇంకో నిల్వ ఉంది, బైకార్బొనేట్. పీహెచ్ 8 దగ్గర నీటిలో కరిగిన అకర్బన కార్బన్‌లో నూటికి సుమారు రెండు పాళ్లే కార్బన్ డయాక్సైడ్; మిగిలినదంతా దాదాపు బైకార్బొనేటే. వాలిస్నేరియా, హైడ్రిల్లా దాన్నీ వాడుకోగలవు. హైడ్రిల్లా ఆకు అడుగువైపు ఆమ్లాన్ని బయటికి తోస్తుంది. అక్కడ బైకార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్‌గా మారి లోపలికి పోతుంది. పైవైపు క్షారం పెరిగి సున్నం పేరుకుంటుంది. ముదురు ఆకును వేలితో రాస్తే తగిలే గరుకు అదే. బడిలో గరాటు బోర్లించి చేయించే హైడ్రిల్లా ప్రయోగంలో మాస్టారు చిటికెడు వంటసోడా వేసేదీ ఇందుకే. సోడా అంటే బైకార్బొనేటే కదా!

హైడ్రిల్లా అంతటితో ఆగదు. ఎండ మండి కార్బన్ కరువైనప్పుడు మొక్కజొన్న తరహా సీ4 పద్ధతికి మారుతుంది. మొక్కజొన్నకు అందుకు రెండు రకాల కణాలు కావాలి, దీనికి ఒక్క కణమే చాలు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జార్జ్ బోవ్స్ బృందం ఏళ్ల తరబడి దీన్ని శోధించింది. ఆ రాష్ట్రానికి 1950లలో ఈ మొక్కను చేర్చింది అక్వేరియం వ్యాపారమే. తర్వాత అక్కడి చెరువులెన్నింటినో అల్లేసింది. కత్తిరించిన కొమ్మల్ని నేను ఎండబెట్టి పారేస్తాను, కాలవలో వెయ్యను.

కబోంబాకు ఈ విద్యలు లేవు. పీహెచ్ పెరిగితే ఆకులు రాల్చేస్తుంది. మా నీళ్లలో దాని జోలికి పోను. ఎర్ర రొటాలా కావాలంటే మాత్రం సిలిండర్ తప్పదంటారు మిత్రులు. తప్పదేమో. నాకు రొటాలా మీద అంత మోజు లేదు.