నీరు నిలువని నేల – ఒక విమర్శ

నేలలను వర్ణించునపుడు “నీరు చక్కగా ఇంకును” అనుమాటను మనము ప్రశంసగానే వాడుచుందుము. అట్టి నేలలో వేళ్లకు గాలి అందును. వాన వెలిసిన కొలది కాలమునకే దున్నవచ్చును. పశువులు తొక్కినను బురద కాదు. ఇవి యన్నియు నిజమే. కాని నదులు పరచిన రాతినేలల విషయమున ఈ ప్రశంస చాలదు. ఇందుకు న్యూజీలాండు దక్షిణద్వీపములోని కాంటర్‌బరీ మైదానమే తగిన ఉదాహరణము.

వైమాకరిరి, రకాయా మొదలగు నదులు పర్వతములనుండి మోసికొనివచ్చిన గులకరాళ్లతో ఈ మైదానము ఏర్పడినది. చాలచోట్ల పలుచని మట్టిపొర క్రింద అంతయు కంకరయే. రాయి నీటిని దాదాపు దాచుకొనదు. రాళ్లు లేని ఒండ్రుమట్టి 60 సెంటీమీటర్ల లోతువరకు, పైరుకు అందగల నీరు 100 మిల్లీమీటర్లు నిలుపుకొనునని అనుకొందము. అందు సగము రాళ్లైనచో మిగులునది 50 మిల్లీమీటర్లే. వేసవిలో గడ్డి దినమునకు 5 మిల్లీమీటర్లు పీల్చినచో పదిదినములలో ఆ నిల్వ తీరిపోవును. గడ్డి అంతకు ముందే వాడును.

ఈ కొరతను కాలువలు, తుంపర యంత్రములు తీర్చినవి. 1990 తరువాత గొర్రెల మేతభూములు అనేకము పాడిక్షేత్రములైనవి. దిగుబడి పెరిగినది. అయితే మారినది నీటి సరఫరాయే గాని నేల గుణము కాదు. ఆవు మూత్రము పడిన చోట హెక్టారునకు కొన్ని వందల కిలోల లెక్కన నత్రజని చేరును. అది నైట్రేటుగా మారును. నైట్రేటుది ఋణవిద్యుదావేశ మగుటచే మట్టికణములు దానిని పట్టి ఉంచజాలవు. పైరు నెమ్మదిగా పెరుగు శీతకాలమున వాననీరు దానిని కంకరగుండ భూగర్భజలములోనికి దింపును. ఆ ప్రాంతపు జనులు త్రాగునది ఎక్కువగా ఆ నీరే. నైట్రేటు హెచ్చైనచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. త్రాగునీటిలో నైట్రేటు రూపమున నత్రజని లీటరునకు 11.3 మిల్లీగ్రాములు మించరాదని ఆ దేశపు ప్రమాణము. కొన్ని బావులలో అది మించినది.

మేతభూములకు కృత్రిమ నత్రజని ఏటా హెక్టారునకు 190 కిలోలు మించరాదను నియమమును 2021లో అక్కడి ప్రభుత్వము అమలులోనికి తెచ్చినది. హద్దు అవసరమే. కాని ఆ నియమము సంచిలోని ఎరువును లెక్కించునే గాని మూత్రమును లెక్కింపదు. పైగా బంకనేలకును, కంకరనేలకును ఒకే అంకె. అసలు నష్టమో, వేళ్లను దాటి క్రిందికి జారిన నత్రజనివలన కలుగును.

కంకరనేలకు కొద్దికొద్దిగా తరచు తడి పెట్టవలెను. ఎరువును చిన్న మోతాదులుగా వేయవలెను. శీతకాలపు మేత ముగియగానే ఓట్లు చల్లినచో మిగిలిన నత్రజనిని కొంత అవి గ్రహించును. ఇవియు చాలనిచోట పశువుల సంఖ్యను తగ్గింపక తప్పదు.

కనుక ఇట్టి నేలను వర్ణించువారు నీరు ఎంత వేగముగా ఇంకునో చెప్పి ఊరకుండరాదు. ఎంత నీరు నిలుచునో, ఇంకిన నీరు ఎవరి బావికి చేరునో కూడ చెప్పవలెను.