వంగవలసిన గొట్టము

ఆదోనినుండి ఆస్పరి మీదుగా పత్తికొండకు వచ్చు బాటలో, వానకు ఉబ్బి ఎండకు బీటలువారు నల్లరేగడి నేల తనపై పరచిన తారును సైతము నిలువనీయదు గనుక, ఆ గతుకులమీదను, ఊరూర లేచిన స్పీడుబ్రేకరులమీదను నిత్యము తిరుగు కార్ల అడుగున ముందుగా దెబ్బతిను భాగములలో, ఇంజనుకును సైలెన్సరుకును నడుమనుండు జానెడు మెత్తని గొట్టము ఒకటి. మెకానిక్కులు దీనిని బెల్లో అందురు. బండి గుడగుడ మోత మొదలిడువరకు అట్టిదొకటి యున్నదనియే యజమాని యెఱుగడు.

ఇంజను రబ్బరు మౌంటింగులమీద కూర్చుండి గేరు మార్చినప్పుడెల్ల ముందునకు వెనుకకు ఊగును. సైలెన్సరో బండి అడుగున కొక్కెములకు వ్రేలాడుచు ఆ ఊపునకు లోబడక యుండును. ఈ రెంటి నడుమ గట్టిగొట్టమే యున్నచో ప్రతి కుదుపును ఏదో యొక అతుకును చీల్చక మానదు. అందుచేత నచ్చట లోపల వేడిపొగను సహించు లోహపు పట్టీల చుట్టను, నడుమ అర మిల్లీమీటరుకు లోపు మందమైన రేకును మడతలు మడతలుగా తీర్చిన తిత్తిని, పైన స్టెయిన్‌లెస్ తీగల జాలిని అమర్చిరి. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరునకు పొరుగువారమైన మనకు ఈ జాలి పని తెలియనిది కాదు: పడుగు పేకల నడుమ కాస్త సందుండుటచేతనే బట్ట ఒంటికి ఒదిగినట్లు, తీగపై తీగ జారుటచేతనే ఈ గొట్టము వంగును. ఆ తీగలు నాలుగు తెగినచో తిత్తి అదుపు తప్పి, ఏదో యొక మడతయొద్ద పగులును.

అంతట చాలమంది చేయించు పని నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. బెల్లోను కోసివేసి, ఆ స్థానమున ఉట్టి ఇనుపగొట్టమును అతికింతురు. ఖర్చు తక్కువ, మోతయు ఆ పూటకు అణగును. కాని వంగవలసినచోట వంగుడు లేకుండుటచే ఆ ఊపంతయు పైకి ప్రాకి, మానిఫోల్డునో దాని స్టడ్డులనో విఱుచును. అన్నిటికంటె చిన్న వస్తువును తప్పించి అన్నిటికంటె విలువైనదానిని బలియిచ్చు ఈ పనిని మరమ్మతనుటకు నాకు మనస్సొప్పదు.

పత్తికొండలో నేనెఱిగిన మేస్త్రీ ఒకడు బండిని పిట్టుపైకి తేగానే పైపును తాకనైన తాకడు. ఇంజను క్రింద కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తి, అది ఎంత కదలునో చూచును. "పైపు మార్చేది గంట పని సార్. ముందు మౌంటింగు చూడల్ల. అది కుంగింటే కొత్తదేసినా మళ్లా చినుగుతాది" అని యాతని మాట. ఈ యొక్క వాక్యము తెలిసినవానికి సగము విద్య తెలిసినట్లే యని నేను తలంతును.

పిమ్మట బ్యాటరీ నెగటివు తీగను విప్పి, పాతదానిని కోసి, అదే వ్యాసము అదే పొడవుగల క్రొత్తదానిని తెచ్చి, సైలెన్సరు తన కొక్కెములకు సహజముగా వ్రేలాడుచుండగనే మూడు చోట్ల చుక్క వెల్డింగు పెట్టును. ఈ ఘట్టమున లాగి కుదిర్చినను మెలిపెట్టినను ఆ బిగువు గొట్టములో నిలిచిపోయి దాని ఆయువును హరించును. తరువాత గొట్టమును క్రిందికి దించి, నిప్పురవ్వలు పడకుండ జాలికి తడిగుడ్డ చుట్టి, ఆర్గాన్ వెల్డింగుతో చివరి పట్టీల అంచున మాత్రమే పూర్తిగా అతుకును. పలుచని తిత్తికి మంట తగిలినచో కన్నము పడుట నిశ్చయము.

ఇంత శ్రమ మోతకొఱకు మాత్రమే కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. నెత్తురులోని హిమోగ్లోబినును ఆమ్లజనికంటె ఇన్నూరు రెట్లకు పైగా గట్టిగ పట్టుకొనును. వేసవిలో అద్దములు మూసి, ఏసీ వేసి, నిలిపిన బండిలో పిల్లలను నిద్రపుచ్చు అలవాటు మన ప్రాంతమున బలిసినది గనుక, అడుగున పగులునుండి వెలువడు పొగ బండిలోనికి చేరునేమో యన్న చింత నన్ను వదలదు. ఇది తెలిసియు "మోతే కదా" యని నెలల తరబడి తిరుగువారిని చూచినప్పుడు నాకు కోపమే వచ్చును.

కావున పని ముగిసిన వెంటనే డబ్బు చేతికీయరాదు. చల్లని ఇంజనును స్టార్టు చేయించి, వెనుక గొట్టమును మందపుగుడ్డతో క్షణకాలము ఒత్తిపట్టించి, అతుకులమీద సబ్బునీరు పోయించి, బుడగ లేచుచున్నదేమో వంగి చూడవలెను. ఫ్లాంజి ప్యాకింగు వేడికి సర్దుకొనును గనుక వారము దినముల పిదప, బండి చల్లారియున్నప్పుడు, నట్లను మరల బిగింపించవలెను. ఆ బిగింపునకు మా మేస్త్రీ కూలి తీసికొనడు.