నీలి పింగాణియు, అడుగునున్న ముద్రయు

చీనాదేశపు నీలి పింగాణి పాత్ర యొకటి చేతికి వచ్చినప్పుడు పలువురు చేయు మొదటి పని దానిని తలక్రిందులు చేయుట. అడుగున ఆరు చీనా అక్షరములు కనబడి, వాని అర్థము చెప్పువారొకరు దొరికినచో, పాత్ర వయస్సు తేలిపోయినదని సంతసింతురు. మా అభిప్రాయమున పరీక్ష అక్కడ మొదలు కారాదు, అక్కడ ముగియవలెను. సాక్షులలో ముద్ర కడపటిది. తరచుగా తప్పు చెప్పు సాక్షియు అదియే.

ఇందులకు చరిత్రమే ఆధారము. చీనా పింగాణికి శతాబ్దములుగా పేరుపొందిన పట్టణము జింగ్‌దెజెన్. చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి (1662–1722) కాలమున, 1677లో, అచటి అధికారి పాత్రలపై చక్రవర్తి పేరు వ్రాయరాదని నిషేధించెను. పాత్ర పగిలి పెంటపాలైనచో రాజనామమునకు అపచారమని శంక. అప్పుడు కొందరు పనివారు అక్షరములు లేని రెండు వలయములు మాత్రము గీసి ఊరకుండిరి. మరికొందరు రెండువందల యేండ్ల క్రిందటి మింగ్ వంశపు ఛంగ్‌హ్వా (1465–1487) పేరును వ్రాసిరి. ఇందు మోసముకంటె పూర్వుల యెడ గౌరవమే హెచ్చు. అందుచే ఛంగ్‌హ్వా ముద్ర గల పాత్రలలో ఆ కాలమునకు చెందినవి బహు కొద్ది. అంతమాత్రమున మిగిలినవి దొంగవని త్రోసివేయుటయు తొందరపాటే. అది మూడువందల యేండ్ల నాటి చక్కని కాంగ్‌షీ పాత్ర కావచ్చును. "అసలా, నకలా?" అనుటకు ముందు "ఏ కాలపు అసలు?" అని అడుగవలసియున్నది.

మరి దేనిని చూడవలెను? పాత్ర నిలుచు అడుగు కట్టును. గాజుపూత లేని ఆ వలయమున మట్టి తన నిజరూపముతో కనబడును. మింగ్ కాలపు (1368–1644) పాత్రలలో పూత ముగిసి మట్టి మొదలగు చోట సన్నని నారింజ చాయ తరచుగా కానవచ్చును. మట్టిలోని ఇనుము ఆవములో కాలి ఇచ్చిన రంగది. నకలు చేయువారికిని ఈ సంగతి తెలియును. గోధుమరంగు నీళ్లు పూసి ఆ చాయ తెచ్చుటకు యత్నింతురు. మింగులకు ముందటి యువాన్ వంశపు పెద్ద కూజాలను ముక్కలుగా చేసి అతికిరి. లోపల చేయి పెట్టినచో ఆ అతుకు వ్రేళ్లకు తగులును. (మన ఆవకాయ జాడీని దీనితో పోల్చరాదు. దానిని పింగాణి యనుట మన వాడుక. మట్టి జాతి వేరు.)

నీలిరంగు కథ ఇంకను రుచికరమైనది. అది కోబాల్టు వలన వచ్చును. యువాన్ కాలమున పడమటి దేశములనుండి తెప్పించిన కోబాల్టులో ఇనుము హెచ్చు, మాంగనీసు తక్కువ. చీనాలో దొరకు దానిలో మాంగనీసు హెచ్చు. మింగ్ చక్రవర్తి ష్వాన్‌దె (1426–1435) నాటి పాత్రలలో రంగు చిక్కగా నిలిచినచోట నల్లని మచ్చలు పూతలోనికి దిగియుండును. మూడువందల యేండ్ల తరువాత యుంగ్‌జెంగ్ (1723–1735) కొలువు పనివారు ఆ మచ్చలకు ముచ్చటపడి, కుంచె మొనతో చుక్కలు పెట్టి అనుకరించిరి. లోపమును కూడ నేర్పుతో తిరిగి సృష్టించిన ఆ శ్రద్ధ మెచ్చదగినదే. కాని వారు పట్టుబడునదియు అక్కడనే: పాత మచ్చ తనకు తోచినచోట తేలినది, క్రొత్త చుక్క ఎంచి పెట్టినట్లుండును.

నిజము చెప్పిన వ్రాతయు లేకపోలేదు. పెర్సివల్ డేవిడ్ సేకరించిన, ఏనుగు తలల పిడులు గల జంట కూజాలు నేడు లండను బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. ఒక భక్తుడు వానిని 1351లో ఆలయమునకు సమర్పించినట్లు మెడపై వ్రాసియున్నది. హాబ్సన్ పండితుడు 1929లోనే వానిని ప్రకటించెను. ఆనాడు పట్టించుకొన్నవారు తక్కువ. 1950 దశకమున జాన్ పోప్, ఇస్తాంబూలులోని తోప్‌కాపి కోటలోను, ఇరానులోని అర్దబీల్ క్షేత్రమునకు చెందిన నిధిలోను గల పాత్రలను వీనితో పోల్చి, అలలు, తామరాకులు గీసిన తీరునుబట్టి పదునాలుగవ శతాబ్ది పాత్రలను వేరు చేసెను. ఏ వ్రాతయు లేని పాత్రలు వచ్చి ప్రక్కన నిలుచువరకు ఆ వ్రాతకు బలము రాలేదు. ఢిల్లీలో తుగ్లకుల రాజభవన స్థలమున బయల్పడిన యువాన్ పాత్రలును, మన కర్ణాటకములోని హంపి త్రవ్వకములలో దొరికిన చీనా పెంకులును ఈ పోలికతోనే చదువవలసినవి.

పెంకులను చిన్నచూపు చూడరాదు. ప్రదర్శనశాలలోని అద్దాల బీరువా పాత్ర సొగసును చూపునే కాని, అడుగును సాధారణముగా చూపదు. ప్రక్కనున్న చీటీ వంశము పేరు చెప్పి ఊరకుండును. విరిగిన అంచునైతే మట్టి కూర్పు, పూత మందము, రంగు దిగిన లోతు ఒక్క చూపున తెలియును. జింగ్‌దెజెన్ రాజావముల చోట 1980 దశకమునుండి జరిగిన త్రవ్వకములలో, లోపము గలదని పగులగొట్టి పూడ్చిన పాత్రలు పొరలు పొరలుగా లభించినవి. వానితో సరిపోల్చుట నేడు గట్టి పరీక్ష.

యంత్రములును వచ్చినవి. ఎక్స్‌కిరణములతో రంగులోని మాంగనీసును, ఇనుమును పాత్రకు హాని లేకుండ కొలువవచ్చును. అడుగునుండి రవంత మట్టి తొలిచి వేడిచేసి, అది వెలువరించు కాంతినిబట్టి ఆవమున కాలిన కాలమును అంచనా కట్టు పద్ధతియు కలదు. అయితే కిరణములు సోకించి ఆ లెక్కను తారుమారు చేయుదురు. పాత పాత్ర అడుగును క్రొత్త పాత్రకు అతుకువారును కలరు. మట్టిని తీయునది ఆ అడుగునుండియే గనుక యంత్రము పాత లెక్కనే చెప్పును. కూడబెట్టిన ధనమిచ్చి కొనువారు యంత్రపు పత్రమును చూచి తృప్తి చెందక, పాత్రను బలమైన దీపమునకు ఎదురుగా పట్టి, అడుగును దేహమును కలియు చోట అతుకు కనబడునేమో వెదకవలెను.