చాప క్రింది పుస్తకము



మొన్నటి వేసవిలో మా సంఘమువారి యింట ప్రార్థనకు వెళ్లితిని. నన్ను చూడగానే ఆ యింటి చిన్నవాడు చేతిలోని పుస్తకమును చాప క్రిందికి త్రోసెను. తీసి చూడగా అది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిస్టర్ పార్వతీశం". తండ్రి సిగ్గుపడి, "క్షమించండి అయ్యగారూ, వీడికి కథల పిచ్చి" అనెను. నేను వానిని గద్దింపలేదు. ఆ పుస్తకమును ఎరువు తెచ్చుకొని రెండు రాత్రులు నవ్వుచు చదివితిని.

మొగల్తూరు కుర్రవాడొకడు బారిస్టరు కావలెనని ఇంటిలో చెప్పకుండ సీమకు బయలుదేరును. చెన్నపట్టణములో దొరసానులు పెట్టుకొను టోపీని తనకని కొని నవ్వులపాలగును. అయితే ఈ కథను పరులు చెప్పుట లేదు, అతడే చెప్పుచున్నాడు. తన తెలివితక్కువతనమును తన నోటనే ఒప్పుకొనువానిని ఎవరు ద్వేషింతురు? వేదాంత పాఠశాలలో మొదటి దినమున చెంచాను ఎట్లు పట్టవలెనో తెలియక, ప్రక్కవానిని చూచుచు సగము ఆకలితో లేచినవాడను నేను. పార్వతీశములో నన్ను నేను చూచుకొంటిని. మూడు భాగములలో మొదటిదానియందున్నంత నవ్వు మాత్రము చివరిదానియందు నాకు దొరకలేదు.

ఆ ఊపులో ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి"ని మరల తీసితిని. 1922లో చెరసాలలో వ్రాసిన నవల ఇది. నాటి మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. రామదాసు కుమారులలో సంగదాసు భూస్వామి దెబ్బకు ప్రాణము విడుచును. వెంకటదాసు తిరుగుబాటు త్రోవ పట్టును. ఆ తండ్రి దుఃఖము చదువునప్పుడు కండ్లు చెమర్చినవి. పాత్రలు చేయు ఉపన్యాసములు కొన్నిచోట్ల మితిమీరినవి. ప్రసంగము చేయువాడే ఈ మాట అనుచున్నాడని మీరు నవ్వుదురేమో!

తీరిక తక్కువైనవారికి సత్యం శంకరమంచిగారి "అమరావతి కథలు" తగినవి. అవి నూరు చిన్న కథలు. 1979లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినవి. వాటిలో "వరద" అను కథ నన్ను విడువకున్నది. కృష్ణ పొంగినప్పుడు ఆకలి ముందర కులము మరచినవారు, నీరు తీయగానే దానిని మరల తలచుకొందురు. రచయిత ఎవరిని తిట్టలేదు. జరిగినది చూపి ఊరకుండెను. అందుచేతనే అది మనస్సులో నాటుకొనును.

ఆ కథ ముగించి నేను మన సంఘములను తలచుకొంటిని. ఆదివారము ఒకే చాపమీద కూర్చుండి పాడుదుము. సోమవారము పెండ్లి సంబంధము మాట రాగానే ఏ పేటవారని అడుగుదుము. వరద తీసిన తరువాతి మనుష్యులము మనము కామా? ఎన్నో ప్రసంగములు చేసితిని గాని, ఈ ప్రశ్నను ఇంత సూటిగా ఎన్నడును అడుగలేకపోతిని. నాలుగు పుటల కథ అడిగినది.

కథలన్నియు మంచివని నేననను. చదివి మూసిన తరువాత పొరుగువాడు మనకు మరికొంత దగ్గరగా కనబడెనా? నేను పెట్టుకొన్న కొలత అదే. ఈ మూడును ఆ కొలతకు నిలిచినవి.

పుస్తకము తిరిగి ఇచ్చుటకు వెళ్లినప్పుడు దానిని చాపమీదనే, అందరి యెదుట పెట్టితిని. "రాత్రి దీపము దగ్గర వానిచేత బిగ్గరగా చదివించి వినుడి" అని తండ్రితో చెప్పితిని. చిన్నవాడు నా సంచివైపు చూచి, "అయ్యగారూ, ఆ వరద కథ తెచ్చారా?" అని అడిగెను.

తెచ్చితిని.