చుక్క ఎక్కడిది?

కారు కింద ఆయిల్ చుక్క కనబడగానే చాలామంది ఏం చేస్తారంటే, వంగి సరిగ్గా ఆ చుక్కకు పైన ఏముందో చూస్తారు. అక్కడే దెబ్బతింటారు. ఇంజన్ ఆయిల్ ఊరిన చోట రాలదు. పైన హెడ్ దగ్గరెక్కడో బయటపడి, బ్లాకు గోడ పట్టుకుని జారి, దారిలో ఒకటి రెండు బోల్టులు చుట్టి, ఏదో ఒక అంచు దొరికాక అక్కడి నుంచి పడుతుంది. బండి పరుగు మీదుంటే ముందు నుంచి కొట్టే గాలి దాన్ని ఇంకాస్త వెనక్కి తోస్తుంది. కాబట్టి వెతకాల్సింది తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నదాన్ని. చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే పాత ఇంజన్‌కు తడవని చోటే ఉండదు.

అసలు అది ఇంజన్ ఆయిలేనా అన్నది ముందు తేల్చుకోవాలి. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిస్తే పొద్దున్నే సగం సంగతి తెలుస్తుంది, అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ టైల్స్ మరకలవుతున్నాయని గొడవపడేవాళ్లూ శాంతిస్తారు. ఏసీ వేసుకుని వచ్చి ఆపిన బండి కింద మడుగు కడితే అవి ఉత్త నీళ్లే. పచ్చగానో ఎర్రగానో ఉండి నీళ్లలా పల్చగా, వేళ్ల మధ్య జారుడుగా ఉంటే కూలెంట్. గేర్ ఆయిల్‌ను ముక్కే పట్టేస్తుంది, ఆ గంధకం కంపు ఒకసారి తగిలితే మరిచిపోరు. ఇంజన్ ఆయిల్ మార్చిన కొత్తలో తేనె రంగులో ఉంటుంది, వాడగా వాడగా నల్లబడుతుంది.

మా ఇంట్లో ఇంకా ఒక మారుతీ 800 తిరుగుతోంది. ఆ మోడల్ తయారీ 2014లో ఆగిపోయింది, అంబాసిడర్‌దీ అదే ఏడాది. మా బండికి ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట, బెల్ హౌసింగ్ కింది నుంచి చుక్క పడేది. ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ఒకటే మాట. “వెనక సీల్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించాలి.” ఆ మాట ఊరికే అన్నది కాదు. క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన, ఫ్లైవీల్ దగ్గర ఒక రబ్బరు సీల్ ఉంటుంది. అది పోతే ఆయిల్ కారేది అక్కడి నుంచే. సీల్ ఖరీదు వందల్లో, దాన్ని మార్చే కూలి వేలల్లో. ఒక షెడ్డులో దించారు, మార్చారు, ఎక్కించారు. వారం తిరక్కుండానే మళ్లీ చుక్క.

ఈ వెనక సీల్‌ది పాత కథ. పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌లోనైతే అక్కడ రబ్బరు సీలే ఉండేది కాదు. క్రాంక్ మీద మరచుట్లు చెక్కి, అది తిరుగుతున్నంతసేపూ ఆయిల్ మళ్లీ లోపలికే పోయేలా ఏర్పాటు చేశారు. ఇంజన్ ఆగితే మర పనిచేయదు, ఆయిల్‌కు అడ్డూ ఉండదు. ఆ బండి నిలిపిన చోట మరక లేకపోతేనే వింత. ఆ రోజుల్లో పని నేర్చిన మేస్త్రీలకు చెయ్యి ముందు వెనక సీల్ మీదికే పోతుందంటే తప్పు పట్టలేం.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. డిస్ట్రిబ్యూటర్‌కూ వైర్లకూ ప్లాస్టిక్ కవర్లు కట్టించి, డీజిల్, బ్రష్ ఇచ్చి కుర్రాడితో ఇంజన్ మొత్తం కడిగించారు. కంప్రెసర్ గాలితో సందుల్లోని తడంతా ఊదించారు. తర్వాత సొరుగులోంచి ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తీసి, ఆరిన బ్లాకు మీద, బెల్ హౌసింగ్ మీద పల్చగా చల్లారు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపి, బందరు రోడ్డు మీద ఒక చుట్టు వేసుకొచ్చి, టార్చిలైటూ చేతి అద్దమూ పట్టుకుని వంగారు. పిలిచి నాకూ చూపించారు. తెల్లటి పౌడర్ మీద దారమంత సన్నటి గోధుమరంగు గీత. వెనక సీల్‌కు ఎంతో పైన, హెడ్ కొసన మొదలైంది. ఈ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్‌తో తిరిగే డిస్ట్రిబ్యూటర్ గేర్‌బాక్స్ వైపే ఉంటుంది. గీత దాని అడుగునుంచి దిగి బెల్ హౌసింగ్ మీదికి పాకింది.

డిస్ట్రిబ్యూటర్ కాస్త తిరిగినా టైమింగ్ మారిపోతుంది కాబట్టి ముందు అది ఉన్నచోటికి గుర్తు గీసుకుని, తర్వాత దాన్ని ఊడదీశారు. మెడకున్న ఓ-రింగ్, అంటే చిన్న రబ్బరు చుట్టు, నల్లగా, ఒకవైపు చదునుగా, గోరు దిగనంత గట్టిగా ఉంది. వంచితే పుటుక్కున విరిగింది. కొత్తది పదుల రూపాయల సరుకు.

ఆయన అంతటితో వదల్లేదు. స్లోలో ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని ఊరికే ఆ కంత మీద ఉంచి చూశారు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కిందికి దిగడం ఏ ఇంజన్‌కైనా ఉన్నదే. దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పైపో, పీసీవీ వాల్వో మడ్డి పట్టి పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు మూత ఎగిరెగిరి పడుతుంది. ఆ ఒత్తిడే బలహీనమైన సీల్ వెతుక్కుని అక్కడి నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. అలాంటి ఇంజన్‌కు సీళ్లు మార్చినకొద్దీ ఇంకోచోట కారుతూనే ఉంటుంది. మా మూత కదల్లేదు.

పౌడర్ నాటు పద్ధతి అనుకునేవాళ్లకు అతినీలలోహిత దీపం ఉంది. ఆయిల్‌లో ఒక రంగు కలిపి, కొన్నాళ్లు బండి నడిపి, ఆ దీపం వేస్తే కారిన దారంతా పసుపుపచ్చగా మెరుస్తుంది. కొట్లలో దొంగనోట్లు చూసే లైటూ ఆ జాతిదే. పౌడర్ కనబడే చోటే పనిచేస్తుంది, ఇది ఇరుకు సందుల్లోనూ చూపిస్తుంది. అయితే దీనికీ ముందు కడుగుడు తప్పదు.

నాకు ఒళ్లు మండేది సిలికాన్ పేస్ట్‌తో. ఎక్కడ తడి కనబడితే అక్కడ బయటినుంచి పూసేయడం, లేదా టాపెట్ కవర్ తీసి ప్యాకింగ్‌కు బదులు చేతికొచ్చినంత పట్టించడం. లోపలికి పొంగిన పేస్ట్ ఎండి, ముక్కలై, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోని జల్లెడకు అడ్డం పడితే పోయేది ఇంజనే. టాపెట్ కవర్ బోల్టులు బలంకొద్దీ బిగించేదీ ఇలాంటి వైద్యమే. రేకు వంగుతుంది, ప్యాకింగ్ పక్కకు పొడుచుకొస్తుంది, ముందుకన్నా ఎక్కువ కారుతుంది.

అన్ని లీకులనూ వెంటాడాల్సిన పని లేదు. పాత ఇంజన్ మీద చెమ్మ మాత్రమే ఉంటే నెలకోసారి తుడిచి, డిప్‌స్టిక్ చూసుకుంటే చాలు. ఎగ్జాస్ట్ మీద పడేదాన్నీ, టైమింగ్ బెల్ట్‌ను తడిపేదాన్నీ మాత్రం ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. మొదటిది నిప్పంటిస్తుంది, రెండోది బెల్ట్‌ను కుళ్లబెడుతుంది.

ఆ మేస్త్రీ పూటంతా చేసిన పనిలో బిగించింది ఒక్క రబ్బరు చుట్టే. మన షెడ్ల బిల్లులో సామానుకు ధర ఉంది, విప్పి బిగించడానికి కూలి ఉంది, వెతకడానికి గడి లేదు. గేర్‌బాక్స్ దించితే డబ్బులొస్తాయి, కడిగి చూస్తే రావు. ఇక ఎవరు కడుగుతారు? మీ బండి కింద చుక్క కనబడితే, దేన్నైనా దించడానికి ఒప్పుకునే ముందు “కడిగి చూడండి, చూసినందుకూ కూలి ఇస్తాను” అని మేస్త్రీకి చెప్పండి. లీకు అయిదు నిమిషాల్లో దొరికినా సరే, ఆ కూలి దగ్గర బేరమాడకండి.