(ఇంకా ఉంది)

మా అమ్మ దగ్గరున్న ‘సెక్రటరీ’ అచ్చు పుస్తకం కాదు. ‘జ్యోతి’ మాసపత్రికలో నెలనెలా వచ్చిన కాగితాలను జాగ్రత్తగా చింపి, దబ్బనంతో కంతలు పొడిచి, పురికొసతో కుట్టిన కట్ట. అట్ట పాత క్యాలెండరుది. కొన్ని పేజీల వెనక సగం జోకులు, సబ్బుల ప్రకటనలు, ఎవరో పెన్సిలుతో పూర్తి చేసిన గళ్ళనుడికట్టు. ఆ కట్ట మా వీధిలో తిరగని ఇల్లు లేదు. ఒకసారి ఎవరింటికో వెళ్ళి, చివరి నాలుగు కాగితాలు లేకుండా తిరిగొచ్చింది. అందుకని నేను ఆ నవల ముగింపును మొదట చదవలేదు. పప్పు రుబ్బుతూ అమ్మ చెబితే విన్నాను.

ఆ నవల రాసిన యద్దనపూడి సులోచనారాణి 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు, పెళ్ళయ్యాక హైదరాబాదులో స్థిరపడ్డారు. పాఠకులు ఆమెను ‘నవలా దేశపు రాణి’ అన్నారు. ‘సెక్రటరీ’, ‘జీవన తరంగాలు’, ‘మీనా’, ‘ఆరాధన’, ‘విజేత’... అద్దె లైబ్రరీల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగిన పుస్తకాలివి. వాటి గురించి వేళాకోళమూ అంతే తిరిగింది. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు, మేడ మెట్లు, మధ్యతరగతి అమ్మాయి, ఆఖర్న పెళ్ళి. ఇంతేగా అంటారు.

సరే, ఇంతే అనుకుందాం. అప్పుడు ఒక చిక్కు వస్తుంది. హీరోకి డబ్బుంది, మనసూ ఉంది. హీరోయిన్‌కీ అతనంటే ఇష్టమే. అడ్డుపడే పెద్దలు ఒక్కోసారి ఉంటారు, ఒక్కోసారి ఉండనే ఉండరు. మరి మూడు వందల పేజీల కథ ఎక్కణ్ణుంచి వచ్చింది?

అభిమానం నుంచి. ‘సెక్రటరీ’లో బామ్మ చాటున పెరిగి, ఉద్యోగంలో చేరిన జయంతికి రాజశేఖరం ఆస్తి కంటే అతని ఉద్దేశమే పెద్ద బెంగ. ఇతను నా పనికి జీతం ఇస్తున్నాడా, నాకు ఇస్తున్నాడా? చూపించేది జాలా, ప్రేమా? అతని గురించి ఊరు చెప్పుకునేదాంట్లో నిజమెంత? 1960ల్లో గడప దాటి ఆఫీసు మెట్లెక్కిన ఆడపిల్లలకు ఈ ప్రశ్నలు కాలక్షేపం కాదు. జీతం తీసుకుంటూనే చులకన కాకుండా ఉండటం ఎలాగో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. సులోచనారాణి ఆ తికమకనే తీసుకుని దాంతో కథ నడిపారు. ఇంట్లో ‘దీనికి అభిమానం ఎక్కువే తల్లీ’ అని తిట్టుగా వాడే మాటను ఆమె హీరోయిన్‌కి నగలా తొడిగారు.

పనితనం ఎక్కడుందో తెలియాలంటే మనమే ఒక సన్నివేశం కట్టి చూద్దాం. వాన. బస్టాపులో ఒకమ్మాయి. చెప్పు తెగింది. కారు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. చేయి తిరగని రచయిత అయితే ఆమెను కారెక్కించి, అతని గుండె ఎలా కొట్టుకుందో రాసేస్తాడు. కథ అక్కడికి సరి. కాస్త తెలిసినవాడు ఎక్కనివ్వడు. బాగా తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, తెగిన చెప్పును ఆమె పైట చాటుకు లాక్కుంటుంది. అతను అది చూశాడో లేదో మనకు చెప్పరు. ఏమీ అనకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోతాడు. మర్నాడు ఆఫీసులో ఆమె బల్లమీద ఒక అట్టపెట్టె. ఇంకా ఉంది!

ఇందులో రెండు కిటుకులున్నాయి. ఒకటి, ఈ తరహా నవలల్లో ఎక్కువ భాగం హీరో మనసులోకి మనల్ని రానివ్వరు. ముడిపడ్డ కనుబొమలు, సగంలో ఆపేసిన మాట, విసురుగా తిరిగిన స్టీరింగు, ఇవే దొరికేవి. వాటినిబట్టి అమ్మాయి ఎంత ఊహించుకోగలదో పాఠకురాలూ అంతే. ఆమె పొరబడితే మనమూ పొరబడతాం. రెండోది, భాగాన్ని ఆపిన చోటు. కత్తిపోటు మీదో, కారు ప్రమాదం మీదో ఆపడం తేలిక. అట్టపెట్టె మీద ఆపి నెల్లాళ్ళు జనాన్ని కూర్చోబెట్టాలంటే, ఆ అమ్మాయి దాన్ని విప్పుతుందా, విసిరికొడుతుందా అని మనకు నిజంగా పట్టాలి. ఆ నెల్లాళ్ళూ నూతి దగ్గరా, కుళాయి దగ్గరా జరిగే వాదనలు కూడా నవలలో భాగమే.

పైగా సీరియల్ రాసేవాళ్ళకు వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలుండదు. మూడో నెలలో అన్నగారికి ఉద్యోగం పోయిందని అచ్చయిపోతే, తొమ్మిదో నెలలో అతను సెలవు పెట్టడానికి కుదరదు. కుదిరిందా, ఉత్తరాలు వచ్చిపడతాయి.

సినిమావాళ్ళు ఈ పనితనాన్ని విమర్శకుల కంటే ముందే పసిగట్టారు. రామానాయుడు తీసిన ‘ప్రేమనగర్’ (1971) కోడూరి కౌసల్యాదేవి నవల. ‘జీవన తరంగాలు’ (1973), ‘సెక్రటరీ’ (1976) సులోచనారాణివి. ‘మీనా’తో 1973లో విజయనిర్మల తెలుగులో దర్శకురాలయ్యారు. పత్రికల్లో ఆడవాళ్ళ పేర్లకు ఎంత గిరాకీ వచ్చిందంటే, మగవాళ్ళు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. తెలుగు సాహిత్యంలో అలాంటి రోజు ఒకటి వచ్చిందంటే నాకు ఇప్పటికీ నవ్వూ, సంబరమూ రెండూ కలుగుతాయి.

లోపాలు లేవనను. హీరో దబాయింపును ప్రేమ కింద జమకట్టేసే చోట్లు ఇప్పుడు చదివితే పంటికింద రాయిలా తగులుతాయి. పనిమనుషులు కాఫీలు తెచ్చి వెళ్ళిపోతారు, వాళ్ళకు కథ ఉండదు. అభిమానం గల అమ్మాయి చివరికి చేరేది మేడకే ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే కలలమ్ముకున్నారని కొట్టిపారేసినవాళ్ళు ఆ కల ధర ఎంతో అడగలేదు. ఆ అమ్మాయి తన మాట నెగ్గించుకోకుండా ఆ మేడ ఎక్కదు. ఆమె మాట నెగ్గడం అప్పట్లో చాలా ఇళ్ళల్లో కారు కంటే అరుదు.

1980లు వచ్చేసరికి వారపత్రికల్లో చేతబడి, సస్పెన్సు రాజ్యమేలాయి. యండమూరి ‘తులసిదళం’ రోజులవి. అయినా ‘మీనా’ లాంటివి మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉన్నాయి. 2016లో ‘అ ఆ’ సినిమా చూసి హాల్లోంచి బయటకొస్తూ ‘ఇది మన మీనాయే కదే’ అని మా పిన్ని అంది. పట్నంలో తల్లి అదుపులో పెరిగిన పిల్ల పల్లెలో చుట్టాలింటికి వెళ్ళడం దగ్గరే ఆవిడ పట్టేసిందట. సులోచనారాణి 2018 మేలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూశారు. ఆ కబురు అమ్మకు ఫోన్‌లో నేనే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఆ కట్ట ఇంకా ఉందా నీ దగ్గర?’ అని అడిగింది.

ఉంది. కాలేజీ రోజుల్లో అచ్చు పుస్తకం కొనుక్కుని అసలు ముగింపు చదివాక కూడా దాన్ని పారేయలేదు. చదివిన రోజున కొంచెం నిరాశపడ్డాను కూడా. అమ్మ చెప్పిన ముగింపులో జయంతి అతన్ని చాలాసేపు కడిగేస్తుంది. పప్పు మెదిగేదాకా కడిగేస్తుంది.