పేరు లేని ఫోల్డర్

మొన్న వేసవిలో హైదరాబాద్ నుంచి ఒక మిత్రురాలు ఫోన్ చేసింది. అక్కడ యూనివర్సిటీలో తెలుగు చెప్తుంది. ఎమ్మే పిల్లలకి స్త్రీల పాటల మీద కొత్త పేపరు మొదలుపెడుతోందట. "నీ దగ్గరున్న పాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపవే. ఏరొద్దు, ఎలా ఉన్నవి అలాగే పంపు" అంది.

సరేనన్నాను గానీ, పుస్తకాలు ఇవ్వడం కంటే పాటలు ఇవ్వడం ఎందుకో సిగ్గుగా ఉంటుంది. పుస్తకాల అల్మరా నలుగురి కళ్లలో పడుతుందని సర్దుకుంటాం. పాటల దగ్గర ఆ జాగ్రత్త ఉండదు. హార్డ్ డిస్క్ తెరిస్తే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పక్కన ఇళయరాజా. ఆబిదా పర్వీన్ కింద వంగపండు. బాలమురళి తత్వాలు, రావు బాలసరస్వతీదేవి లలితగీతాలు. థీసిస్ చివరి ఏడాది రాత్రిళ్లు నిద్ర ఆపుకోడానికి పెట్టుకున్న ఐటమ్ సాంగులు కూడా ఓ డజను. స్త్రీవాదినంటావు, ఇవి వింటావా అని ఎవరైనా నిలదీస్తే నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు. కాలు కదులుతుంది, అంతే.

కలగూరగంప. అభిరుచిలో వైవిధ్యం అని గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ ఇందులో నా అభిరుచి ఎంత? సగం మా అమ్మది. 1990లలో విజయనగరంలో క్యాసెట్లు నింపి ఇచ్చే షాపులుండేవి. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే రెండు రోజులకి క్యాసెట్టు చేతికిచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టు, ఒక్కో వైపు ఏడో ఎనిమిదో పాటలు. ఆ కాగితం రాయడానికి అమ్మకి నెల పట్టేది. పాలవాడి లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసేది, కొట్టేసేది, వరస మార్చేది. సుశీల పాట తర్వాత లీల పాట ఎందుకు రావాలో, రెండిటి మధ్య ఘంటసాల ఎందుకు రాకూడదో ఆమెకి తెలుసు. ఇవాళ నేను సంకలనాలకి సంపాదకత్వం గురించి సెమినార్లలో మాట్లాడుతుంటాను. నేను చూసిన మొదటి సంపాదకురాలు మా అమ్మ. ముందుమాట రాయలేదంతే.

టేప్‌రికార్డరు హాల్లో ఉండేది, నాన్న వార్తలు అయ్యాక అమ్మ వంతు. వంటింట్లోకి వినబడాలంటే సౌండు పెంచాలి, పెంచితే హాల్లో వాళ్లకి తలనొప్పి. మధ్యాహ్నాలు ఆ క్యాసెట్లు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగేవి. "పిన్నిగారూ, మా అమ్మ క్యాసెట్టు ఇమ్మంది" అని వెళ్లే దూతలం మేము. ముప్పై నిమిషాలకి టేపు అయిపోతే పాట మధ్యలో తెగిపోయేది. ఇప్పటికీ ఒక పాట పూర్తిగా వింటుంటే, ఆ తెగే చోటు దగ్గర నా చెవి ఆగి మళ్లీ నడుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతుంటే ఖాళీగా కూర్చుని ఫోల్డర్ల పేర్లు చదివాను. అక్కడ నాకో సంగతి పట్టుబడింది. మగవాళ్లని వాళ్ల పేరుతో, విద్యతో పెట్టుకున్నాను: 'ద్వారం - వయొలిన్', 'నారాయణదాసు'. సినిమాల్లో పాడిన ఆడవాళ్లని ఎక్కువగా సినిమా పేరుతో పెట్టాను. ఇక పొలాల్లో పాడిన ఆడవాళ్లున్నది 'ఫీల్డ్ - 3'లో. ఇది నేను ఆలోచించి చేసిన పని కాదు. చేతికి అలా అలవాటైపోయింది. అందుకే భయమేసింది.

మా విజయనగరాన్నే తీసుకుందాం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వారు. ఘంటసాల చదివిందీ ఇక్కడే. ఇవన్నీ మా ఊళ్లో స్కూలు పిల్లలు కూడా అప్పజెప్తారు. మరి ఆ రోజుల విజయనగరంలో సంగీతం తెలిసిన ఒక ఆడమనిషి పేరు చెప్పమంటే? సాహిత్యం చదువుకున్న వాళ్ల నోట ముందు వచ్చే పేరు మధురవాణి. ఆమె గురజాడ కల్పన. 1892లో 'కన్యాశుల్కం' ఇదే ఊళ్లో మొదటిసారి ఆడారు. భోగం మేళాలు వద్దన్న ఉద్యమం సాగుతున్న కాలంలో, ఆ ఉద్యమాన్ని మనసారా ఒప్పుకోలేని, పూర్తిగా కాదనలేని నాటకం అది. మధురవాణి తెలివిని మనం నూరేళ్లుగా మెచ్చుకుంటూనే ఉన్నాం. ఆమె పాట మీద, వీణ మీద ఎన్ని వ్యాసాలు వచ్చాయి? విమర్శకులం ఆమె మాటల్ని విన్నాం, సంగీతాన్ని వినలేదు.

నా హార్డ్ డిస్క్‌లో మధురవాణి పాట ఉంది. 1955 నాటి సినిమాలోది. తెర మీద సావిత్రి, సంగీతం ఘంటసాల, గొంతు సుశీలది. సుశీల విజయనగరంలో పుట్టి, ఇక్కడి సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు. అప్పటికి ఆమెకి ఇరవై నిండలేదు. కాలేజీ మెట్లెక్కి సంగీతం నేర్చుకున్న కొత్తతరం అమ్మాయి, ఏ స్త్రీల సంగీతాన్ని మర్యాద పేరుతో ఊళ్లోంచి తరిమేశారో ఆ స్త్రీగా పాడుతోంది. ఆ గొంతులో తుళ్లింత ఉంది గానీ అది కడిగిన ముత్యంలాంటి తుళ్లింత. ఎక్కడా గరుకు లేదు. నాకా పాట ఇష్టం. ఇష్టమైనందుకే చెప్తున్నాను, అందులో మధురవాణి వృత్తి వినబడదు. ఆ గరుకుని ఎవరు ఎప్పుడు కడిగేశారన్న ప్రశ్న సుశీలకి వేసేది కాదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. రావలసిన చట్టమే. కానీ జావళీ సభల్లోకి వెళ్లి గౌరవంగా కూర్చుంది, దాన్ని కాపాడుకుంటూ వచ్చిన స్త్రీలు మాత్రం పేర్లు మార్చుకుని, ఊళ్లు మార్చుకుని బతకాల్సొచ్చింది. మా మామ్మ రేడియోలో జావళీ వస్తే కట్టేసేది. "సానిపాటలు" అనేది. రేడియో కట్టేసి, పప్పు బాగుచేసుకుంటూ అదే జావళీ కూనిరాగం తీసేది. ఆమె దాన్ని ఎక్కడ విని నేర్చుకుందో అడగలేదు. ఆ కూనిరాగాన్ని రికార్డు చేసుకోనూ లేదు.

బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు కలిసి ఇచ్చిన ప్రైవేటు రికార్డుల మాట ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. రాజేశ్వరరావుది సాలూరు పక్క శివరామపురం, 2022లో జిల్లాలు విడగొట్టాక పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఆ పాటల గురించి రాసిన ప్రతి ఒక్కరూ బాణీ గురించి పేజీలు రాసి, ఆమె గురించి 'తేనెలొలికే గొంతు' అని ఊరుకుంటారు. తేనెకి తెలివుండదు కదా. మైకు ముందు గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు పాడటం ఒక విద్య. దానికి సాధన కావాలి.

ఈ మధ్య ఉత్తరాంధ్ర పాటకి గిరాకీ పెరిగింది. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాలో నక్కిలీసు గొలుసు పాట రాష్ట్రమంతా మారుమోగింది. మా యాస విని సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆ పాట ఆడమనిషి మాట, ఆమె నగ గురించి ఆమె గోల. దాన్ని పాడింది సంగీత దర్శకుడు రఘు కుంచె. బాగానే పాడారు, ఆయన్ని తప్పుబట్టడం లేదు. వంగపండు ప్రసాదరావు గారి పాట ఎన్ని నోళ్లలో నలిగినా అది వంగపండు పాటే, అలాగే ఉండాలి కూడా. ఆడవాళ్లు కట్టిన పాట మాత్రం 'జానపదం' అవుతుంది. ఎవరికీ చెందనిది అందరిదీ అవుతుంది. అందరిదీ అయ్యాక, ముందుగా ఎవరి నోటికి మైకు అందితే వాళ్లది.

ఇంత రాశాను కాబట్టి 'ఫీల్డ్ - 3' సంగతి చెప్పక తప్పదు.

2016లో ఉభాల కాలం. ఉభాలంటే మా వైపు వరినాట్లు. నాగావళి పక్క ఒక ఊళ్లో గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మోకాలి లోతు బురదలో పదిమంది ఆడవాళ్లు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. పాటలో, అత్తారింట్లో ఉన్న పిల్ల పుట్టింటి నుంచి ఎవరైనా వచ్చి తీసుకెళ్తారని దారి చూస్తుంటుంది. ఇలాంటి పాటల్లో వచ్చేది అన్న. ఆమె 'అప్ప' అని పాడింది. మా వైపు అప్ప అంటే అక్క.

ఆ ఒక్క మాట మీద నా థీసిస్‌లో రెండు పేజీలున్నాయి. వెల్చేరు నారాయణరావు 1991 నాటి తన ఇంగ్లీషు వ్యాసంలో బ్రాహ్మణ స్త్రీల రామాయణ పాటల్నీ, బ్రాహ్మణేతర స్త్రీల పాటల్నీ విడివిడిగా చదివి తేడాలు చూపించారు. ఆ దారిలో వెళ్లి, శ్రామిక స్త్రీ తన పాటలోంచి రక్షకుడైన అన్నని తొలగించి సోదరిని నిలబెట్టిందనీ, ఇది పితృస్వామ్య పాఠానికి చేసిన సవరణ అనీ రాశాను. పరీక్షకులు మెచ్చుకున్నారు. ఆ పేజీ అడుగున గాయని పేరు లేదు. ఊరి పేరు, తేదీ ఉన్నాయి. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లోనే తెలంగాణ పోరాట స్త్రీల చేత వాళ్ల పేర్లతో వాళ్ల కథలు చెప్పించింది. ఆ పుస్తకాన్ని నా మొదటి అధ్యాయంలో పొగిడిన దాన్ని నేనే.

పెన్‌డ్రైవ్ పంపకుండా ఆ ఊరు వెళ్లాను. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టింది. పేరు లేకుండా రాశానని, ఇప్పుడు రాయాలనుకుంటున్నానని చెప్పాను. చేతులు అడ్డంగా ఊపింది. "పేరొద్దు పాపా. కాయితంలో పేరెక్కితే పింఛను ఆపీస్తారు." ఆపరని చెప్పాను. నమ్మలేదు. పేరు చెప్పడం నాకు అవసరం, ఆమెకి కాదు. ఆమె అడిగింది వేరు: "ఆ పాట నాకేదీ?"

నిజమే. ఇన్నేళ్లలో సెమినార్లలో, క్లాసుల్లో ఎందరికో వినిపించాను. పాడిన మనిషి ఆ పాట వినలేదు. ఆమె కూతురి ఫోన్‌లోకి పంపాను. అరుగు మీద కూర్చుని విన్నది. వాన చప్పుడు, నారు కట్టలు నీళ్లలో పడే చప్పుడు, మేస్త్రీ కేక. 'అప్ప' దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపమంది.

"తప్పు పాడీసినాను. అన్న అనాల."

నేను మాట్లాడలేదు. కాసేపటికి తనే అంది, "పక్కనే మా అప్ప నాటతాంది గదా, నోట్లోకి అదే వచ్చీసింది." అందుకునే గొంతుల్లో అన్నిటికంటే సన్నగా, కాస్త వెనకబడి వినిపించేది ఆ అప్పదే. ఆమె పోయి మూడేళ్లయిందట. కూతురి చేత మళ్లీ పెట్టించుకుంది. మూడోసారి పెట్టించుకున్నప్పుడు పాట మొదలు కాకముందే తల వంచుకుంది.

ఆ రెండు పేజీల్ని ఏం చేయాలో నాకింకా తెలీదు. అది సవరణా కాదు, ఒట్టి పొరపాటూ కాదు. నా దగ్గరున్న విమర్శ పదాల్లో దానికి మాట లేదు.

"పిల్లలకి వినిపిస్తే వినిపించు, తప్పుడు పాట మాత్రం వద్దు" అని మళ్లీ పాడింది. అన్న అనే పాడింది. మొదటిది తీసెయ్యలేను, అందులో వాళ్లప్ప ఉందని చెప్తే, ఆలోచించి, "అయితే రెండూ ఇయ్యి" అంది. ఇప్పుడా ఫోల్డర్‌లో రెండు ఫైళ్లున్నాయి. రెండో దాంట్లో వాన లేదు, వెనక అందుకునే వాళ్లు లేరు.